కారణం చెప్పనిదే టిప్పు లేదు

తక్కెడ మావయ్య ఎవరినీ ఊరికే మెచ్చుకోడు. ఎందుకు మెచ్చుకుంటున్నాడో చెబుతాడు. చెప్పడం పూర్తయ్యేదాకా అవతలి మనిషిని కదలనివ్వడు.

రోజూ పొద్దున్న ఆరున్నరకి పాలప్యాకెట్లు వేసే అతనితో ఈ కార్యక్రమం మొదలవుతుంది. ఆ వేళకి మావయ్య గేటు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. "నిన్న ప్యాకెట్టు విసిరావు. ఇవాళ వంగి పెట్టావు. మూల చిరగలేదు. బాగుంది" అంటాడు. అనడం కూడా బాకీ వసూలుకి వచ్చినవాడిలా కనుబొమలు ముడిచి అంటాడు. పాలతనికి అప్పటికి ఇంకా డెబ్భై ఇళ్ళు మిగిలి ఉంటాయి. ఒక కాలు నేల మీద, ఒక కాలు సైకిలు పెడలు మీద పెట్టుకుని, ఇవాళ తను చేసిన మంచిపని ఏమిటో ఓపిగ్గా విని వెళ్తాడు.

మావయ్య తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. దుకాణం దుకాణం తిరిగి, తక్కెడ పళ్ళెం ఎత్తి, అడుగున అయస్కాంతం గట్రా అంటించారేమో చూడడం ఆయన ఉద్యోగం. వీధిలో ఆ పేరు అలా వచ్చింది. వీధి మొత్తానికి ఆయన మావయ్య కాబట్టి, ఆయన భార్య కూడా అడగకుండానే వీధి మొత్తానికి అత్తయ్య అయింది. రిటైరయ్యాక తక్కెళ్ళు పోయాయి గానీ ఆ చూపు పోలేదు. కారణం చెప్పకుండా ఇచ్చే టిప్పు తప్పుడు తూకం అని ఆయన అభిప్రాయం. తప్పుడు తూకం చూస్తే ఆయనకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

టిప్పుకి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు లేచి నిలబడాలి. ఇచ్చే మనిషి మొహంలోకి చూడాలి. ఏం బాగా చేశాడో చెప్పాలి. ఆ తరవాత చేతిలో పెట్టాలి. పళ్ళెం కింద దోపి జారుకునేవాళ్ళంటే ఆయనకి పరమ అసహ్యం.

ఒకసారి అత్తయ్య తమ్ముడు ఊరి నుంచి వచ్చి, అక్కనీ బావనీ భోజనానికి తీసుకెళ్ళాడు. లేచేటప్పుడు పళ్ళెం కింద ఒక నోటు పెట్టి బయటికి నడిచాడు. వెనకాలే మావయ్య ఆ నోటు పట్టుకుని పరుగెత్తాడు.

"ఇది వదిలేసొచ్చావు."

"మర్చిపోలేదు బావా. టిప్పు."

"దేనికి?"

"దేనికేంటి, వడ్డించాడుగా."

"వడ్డించడం ఆయన ఉద్యోగం. దానికి జీతం ఉంది. నువ్విచ్చేది దేనికి?"

తమ్ముడు రోడ్డు మీద నిలబడి జేబులు తడుముకున్నాడు, కారణం అక్కడేమైనా దొరుకుతుందేమో అన్నట్టు. మావయ్య వదల్లేదు. పిచ్చుకలకి గింజలు చల్లినట్టు చల్లి వెళ్తావా, అవతల ఉన్నది మనిషి కాదా అని నిలదీశాడు. చివరికి తమ్ముడికి గుర్తొచ్చింది. తను నడుం పట్టుకుని కూర్చోవడం చూసి, ఆ మనిషి ఎక్కడి నుంచో ఒక దిండు తెచ్చి వీపు వెనక పెట్టాడు. అంతే, మావయ్య అతన్ని రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, దిండు సంగతి దిండు తెచ్చిన మనిషికే చెప్పించాడు. ఆ రోజు నుంచి తమ్ముడు అక్కని చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఇంట్లోనే తింటున్నాడు.

డాక్టరుని కూడా ఆయన వదల్లేదు. మందుల చీటీ చదవగలిగేలా రాసినందుకు అని కారణం చెప్పి, లేచి నిలబడి డాక్టరు చేతిలో టిప్పు పెట్టబోయాడు. డాక్టరు కంగారుపడి కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. మావయ్యకి కోపం వచ్చింది. డబ్బు వద్దంటే మానెయ్యండి, మెచ్చుకోలు మాత్రం ఉంచుకోవాల్సిందే అని గట్టిగా చెప్పి బయటికి వచ్చాడు.

ఈ సమయాల్లో అత్తయ్య చేసే పని ఒక్కటే. ఆమె వేరే వైపు చూస్తుంది. పరాయివాళ్ళ ముందు గొంతు పెగలని మనిషి ఆవిడ. పెళ్ళయి నలభై ఏళ్ళయినా హోటల్లో నీళ్ళు కావాలంటే భర్త మోచేతిని తాకుతుంది తప్ప నోరు తెరవదు. అలాంటి మనిషికి ఇలాంటి భర్త దొరికాడు. ఆయన ఒక్కో కారణం చెబుతుంటే ఆమె హోటలు గోడకి తగిలించి ఉన్న మంటలార్పే ఎర్ర సిలిండరు వైపు చూస్తూ కూర్చుంటుంది. దాన్ని ఎలా వాడాలో దాని మీద రాసిన ఏడు సూచనలూ ఆమెకి కంఠతా వచ్చు.

ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి వాళ్ళిద్దరూ వీధి మలుపులో ఉన్న కాఫీ హోటలుకి వెళ్ళేవాళ్ళు. పన్నెండు బల్లలుంటాయి. అందులో ఆరు బల్లలు చూసే మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. అక్కడివాళ్ళు ఆయన్ని నిదానం అని పిలిచేవారు. ఎదురుగా పిలిచినా ఆయన నొచ్చుకునేవాడు కాదు, పలికేవాడు. పలకడం కూడా కొంచెం ఆలస్యంగానే పలికేవాడు.

మావయ్య నాలుగేళ్ళపాటు ప్రతి శనివారం ఆ మనిషి ఎదుట నిలబడి కారణం చెప్పాడు. ఒక్క కారణం కూడా రెండోసారి చెప్పలేదు. నిదానం చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి, మందలింపు వింటున్నవాడిలా వినేవాడు. మావయ్య గొంతు అలా ఉండేది మరి. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం ఆ పెద్దాయన ఏం పారబోశాడో అనుకునేవాళ్ళు.

అలా సాగుతుండగా యజమాని డబ్బు తీసుకునే బల్ల మీద ఒక పెట్టె పెట్టాడు. టిప్పులన్నీ ఇందులోనే వెయ్యాలి, పనివాళ్ళ చేతికి ఇవ్వరాదు అని దాని మీద రాయించాడు. పెట్టెలో పడ్డది ఎవరికి చేరుతుందో యజమానికే తెలియాలి. మావయ్య ఆ రోజు ఊగిపోయాడు. పెట్టెకి కాఫీ తేవడం వచ్చా అని అడిగాడు. యజమాని ఇది పద్ధతి అన్నాడు. పద్ధతి నాకా చెబుతున్నారు అని మావయ్య అన్నాడు. చివరికి ఒక రాజీ కుదిరింది. మావయ్య కారణం నిదానానికి చెబుతాడు, డబ్బు పెట్టెలో వేస్తాడు. అయితే వేసేముందు వంగి, ఇది ఫలానా ఆయనకి, ఫలానా పనికి అని పెట్టెకి కూడా చెబుతాడు. అత్తయ్య ఎర్ర సిలిండరు వైపు తిరిగేది.

పెట్టె గొడవ సద్దుమణిగేసరికి బల్లల మీద మొహాలు వచ్చాయి. ఒక్కో బల్ల మీద చిన్న యంత్రం, దాని మీద మూడు మొహాలు. నవ్వేది ఒకటి, ఊరుకున్నది ఒకటి, మూతి ముడుచుకున్నది ఒకటి. సేవ ఎలా ఉందో ఒకటి నొక్కి వెళ్ళాలి. మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, పాత అలవాటు కొద్దీ తిరగేసి అడుగు చూశాడు. తరవాత యజమానిని పిలిచి, నవ్వు మొహం నొక్కితే నేను దేనికి నవ్వానో దీనికి ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలియక్కర్లేదండీ, మాకు ఎన్ని నవ్వులో తెలిస్తే చాలు అన్నాడు యజమాని. ఆ వారం అంతా మావయ్యకి అన్నం సయించలేదు.

లోకం మొత్తం తన మీద పగబట్టిందని ఆయనకి అప్పుడే అర్థమైంది. ఫోన్‌లో సరుకులు తెప్పిస్తే, తెచ్చే మనిషి ఇంకా బయల్దేరకముందే టిప్పు ఎంతిస్తారని ఆ ఫోను అడిగింది. పని జరగకముందే మెచ్చుకోమంటారేమిటని ఆయన ఫోనుతో వాదించాడు. అది పలకలేదు. ఒక గురువారం గ్యాస్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకమ్మాయి మూడు నెలలుగా తెగని చిరునామా గొడవని నాలుగు నిమిషాల్లో తేల్చింది. మెచ్చుకుందామని నోరు తెరిచేలోపు ఆ అమ్మాయి వెళ్ళిపోయి, ఒక రికార్డు గొంతు వచ్చింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, బీప్ తరవాత చెప్పండి అంది.

ఆయన నమ్మాడు. బీప్ తరవాత చెప్పాడు. అరనిమిషానికి లైను తెగింది. మళ్ళీ చేశాడు. ఆ అమ్మాయి తన మాట మధ్యలో ఆపకుండా వినడం ఒకటి, ఇంటి నంబరు తిరిగి చదివి సరిచూసుకోవడం ఒకటి, ఇలా ముక్కలు ముక్కలుగా, తెగిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా, సాయంత్రం దాకా చెప్పాడు. శుక్రవారం లేచేసరికి గొంతు లేదు. డాక్టరు టార్చి వేసి చూసి, వారం రోజులు ఒక్క మాట మాట్లాడినా తనకి బాధ్యత లేదన్నాడు. చీటీ ఈసారి కూడా చదవగలిగేలా రాశాడు. మావయ్య లేచి నిలబడి, ఏమీ అనలేక, డాక్టరు వైపు కోపంగా చూసి వచ్చేశాడు.

మర్నాడు శనివారం. అత్తయ్య లోలోపల కాస్త సంతోషించిందనే చెప్పాలి. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి ఒక్క కాఫీ ప్రశాంతంగా తాగొచ్చనుకుంది.

నిదానం కాఫీలు తెచ్చాడు. పెట్టి వెళ్ళకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మావయ్యగారూ, వచ్చే శనివారం మీకు కాఫీ వేరేవాళ్ళు తెస్తారండీ. ఇవాళే నా ఆఖరు."

మావయ్య కప్పు దించాడు. ఏమైందని కళ్ళతోనే అడిగాడు.

"మూతి ముడుచుకున్న మొహాలు నాకే ఎక్కువ వచ్చాయట. ఆలస్యం అవుతోందని. కాగితం చూపించారు. నిజమేనండీ, అబద్ధం కాదు." ఆయన అత్తయ్య వైపు తిరిగాడు. "ఈ వయసులో ఇంకెక్కడ పెట్టుకుంటారమ్మా. అదొక్కటే ఆలోచిస్తున్నాను."

మావయ్య లేచాడు. నోరు తెరిచాడు. పాత సైకిలు పంపు కొట్టినట్టు గాలి వచ్చింది గానీ మాట రాలేదు. బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకి యజమాని అటు తిరిగాడు. మావయ్య చొక్కా జేబులోంచి పెన్ను లాగి, చేతులు తుడుచుకునే కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. కోపానికి పెన్ను కాగితంలోంచి దూసుకుపోయి బల్ల మీద గీసింది. ఇంకొకటి తీశాడు. అదీ చిరిగింది. మూడోది రాసి అత్తయ్య చేతిలో పెట్టి, యజమాని వైపు వేలు చూపించాడు. చదవమని.

అత్తయ్య ఆ కాగితం పట్టుకుని యజమాని బల్ల దాకా ఎలా నడిచిందో ఆమెకే తెలీదు. కాగితం చూసింది. అందులో 'అన్యాయం' అన్న మాట ఒక్కటే అర్థమవుతోంది, అదీ సగమే. మిగతాదంతా కోడిగీతలు. గోడ మీద ఎర్ర సిలిండరు కోసం చూసింది. ఇక్కడి నుంచి అది కనపడదు.

యజమాని మర్యాదగానే మాట్లాడాడు. నిదానం మంచివాడు కాదని ఎవరూ అనడం లేదమ్మా, కానీ తన దగ్గర లెక్క ఉంది, లెక్కని కాదనలేం కదా అన్నాడు. యంత్రం ఇచ్చిన కాగితం ఆమె ముందుకి జరిపాడు. అందులో మూతి ముడుచుకున్న మొహాల వరసలు ఉన్నాయి.

భర్త రాసిన కాగితాన్ని అత్తయ్య మడిచి కొంగు చాటున దోపుకుంది. ఆ తరవాత మాట్లాడింది. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే యజమాని ముందుకి వంగాల్సి వచ్చింది.

"కిటికీ పక్క బల్ల దగ్గరికి ఒక ముసలావిడ వచ్చేది. చేతులు వణికేవి. ఈయన ఆవిడకి కప్పు సగమే నింపి ఇచ్చి, అది అయ్యాక తక్కిన సగం మళ్ళీ వేడిగా తెచ్చేవాడు. ఒలికితే ఆవిడ సిగ్గుపడుతుందని. అందుకు ఆలస్యం."

యజమాని ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

"ఒకావిడ చంటిబిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని తింటోంది. ఈయన ఆ బల్ల మీది గిన్నెలు ఒక్కొక్కటే తీశాడు, చప్పుడు కాకుండా. ఆరు గిన్నెలకి ఆరుసార్లు తిరిగాడు. అందుకు ఆలస్యం. ఒకాయన కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు, మెనూ కనపడలేదు. అది పైకి చెప్పుకోలేదు. ఈయన కనిపెట్టి, ఇవాళ ఏమేం ఉన్నాయో నాకే గుర్తుండటం లేదండీ అని తనకి తాను చెప్పుకుంటున్నట్టు మెనూ అంతా పైకి చదివాడు. మొదటి నుంచి చివరిదాకా. ఆలస్యం కాదూ మరి?"

ఇలా ఆమె చెబుతూ పోయింది. నాలుగేళ్ళ శనివారాలు. వేరే వైపు చూస్తూ కూర్చున్నంత మాత్రాన చెవులు మూసుకుపోవు కదా. మావయ్య చెప్పిన ప్రతి కారణం ఆమెలో ఎక్కడో పడి ఉంది, ఒక్కటీ పోలేదు. పన్నెండు బల్లల దగ్గరా కప్పులు ఆగిపోయాయి. నిదానం చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఎప్పటిలాగే నిలబడ్డాడు.

ముప్పయ్యోదో ముప్పై ఒకటోదో అవుతుండగా వంటగది తలుపు తీసుకుని వంటాయన బయటికి వచ్చాడు. చేతికి పిండి ఉంది. అత్తయ్య చెప్పేది కాసేపు విని, "అమ్మా, మధ్యలో ఒకటి వదిలేశారు. గొడుగుది" అన్నాడు.

యజమాని అతన్ని చూశాడు. నీకెలా తెలుసని అడిగాడు.

"గోడ మీద ఉంది సార్."

"ఏ గోడ?"

హోటలు పెట్టి పదకొండేళ్ళయినా, సెగ పడదని వంటగదిలోకి రాని యజమాని ఆ రోజు వచ్చాడు. వెనకాల అత్తయ్య, ఆమె వెనక గొంతు లేని మావయ్య. సామాన్ల గది తలుపు వెనక గోడ నిండా సుద్దముక్కతో రాతలు. పెట్టె పెట్టిన రోజు మొదలైందట అది. డబ్బు పెట్టెలోకి వెళ్ళిపోయాక నిదానం ఉత్త చేతులతో లోపలికి వచ్చాడు. మావయ్యగారు ఏమీ ఇవ్వలేదా అని వంటాయన అడిగితే, ఇచ్చారు అంటూ ఆయన అన్న మాట చెప్పాడు. వంటాయన దాన్ని గోడ మీద రాశాడు, పాత శనివారాలవి కూడా అడిగి అడిగి రాశాడు. తరవాత గిన్నెలు కడిగే ఆవిడ తనదీ రాయమంది. కప్పు అంచు మీద మరక లేదని మావయ్య ఒకసారి కప్పు పైకెత్తి బయటి నుంచే కేకేశాడట, తనని చూడకుండానే. ఎవరైనా దిగాలుగా ఉన్న రోజు ఈ తలుపు వెనక కాసేపు నిలబడి వస్తారట. మందులా పనిచేస్తుందని వంటాయన చెప్పాడు.

మావయ్య ఆ గోడని కింది నుంచి పైదాకా చదివాడు. ఒకచోట ఆగి, పెన్ను తీసి, తప్పు పడిన తేదీ ఒకటి దిద్దాడు. ఆ తరవాత చాలాసేపు జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. గొంతు బాగాలేదు కదా, జలుబు కూడా చేసి ఉంటుంది.

యజమాని మాత్రం ఒక వరస దగ్గరే నిలబడిపోయాడు. ఇద్దరు పనివాళ్ళు రాని ఒక శనివారం యజమానే స్వయంగా బల్లలు చూశాడు. ఆ రోజుది అది. 'యజమానిగారు. బల్ల తుడిచేముందు పిల్ల చదువుకునే పుస్తకం పక్కకి జరిపారు, పేజీ పోకుండా మధ్యలో చెంచా పెట్టారు.'

"ఆ రోజు నా చేతికి డబ్బులివ్వబోయారు. నాకు పౌరుషం వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నా" అన్నాడు యజమాని, ఎవరితోనూ కాకుండా. ఆ వరస మళ్ళీ చదివి, "చెంచా సంగతి నేనే మర్చిపోయాను" అన్నాడు.

బయటికి వచ్చాక ఆయన మళ్ళీ యజమాని మొహం పెట్టుకున్నాడు. నిదానంతో, వచ్చే నెల కూడా చూద్దాంలే, కిటికీ వైపు బల్లలు ఇంకెవరికీ చేతకావు అన్నాడు. సోమవారానికి బల్లల మీది మొహాలు కనపడలేదు. బాగుచేయించడానికి పంపామని ఎవరడిగినా చెప్పేవాడు. ఆ యంత్రాలకి ఏ రోగం వచ్చిందో గానీ ఇంతవరకూ నయం కాలేదు.

ఇంటికి వెళ్తుంటే దారిలో మావయ్య అత్తయ్యని ఆపాడు. ఎదురుగా నిలబడ్డాడు. మొహంలోకి చూశాడు. ఇది మొదటి మెట్టనీ, తరవాత ఏం వస్తుందో కూడా ఆమెకి బాగా తెలుసు.

"ఇప్పుడు కాదండీ. డాక్టరు వారం అన్నాడు."

మావయ్యకి కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. ఇంత మంచిపని కళ్ళ ముందు జరిగితే చెప్పడానికి లేకపోవడం ఆయన జన్మలో ఎరగడు. ఆ వారమంతా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఆమె కనపడినప్పుడల్లా నోటి మీద చెయ్యి పెట్టుకునేవాడు. ఎనిమిదో రోజు పొద్దున్న గొంతు రాగానే వంటింట్లోకి వచ్చి నిలబడి కారణం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా దెబ్బలాడుతున్నట్టే చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అత్తయ్య మాత్రం అంతసేపూ ఆయన మొహంలోకే చూస్తూ వింది.

ఇప్పుడు మావయ్యకి డెబ్భై ఒకటి. శనివారాలు ఇద్దరూ ఆ హోటలుకే వెళ్తున్నారు. కాఫీ ఆలస్యంగానే వస్తోంది.